పాఠకుల ప్రశ్నలు: స్కాట్లాండులో ఓడిన అభ్యర్థి సభలో ఎలా కూర్చుంటాడు?

స్కాట్లాండులోని హామిల్టన్ ప్రాంతంలో 2025 జూన్ 5న జరిగిన ఉప ఎన్నిక గురించి ఈ శీర్షికలో నాలుగు వాక్యాలు రాశాను. వాటికి ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ఇళ్ళ నుంచి చదువుకో, ఉద్యోగానికో అటు వెళ్ళిన పిల్లలు ఉండడం ఒక కారణం కావచ్చు. ఎన్నికల లెక్కలంటే మనవాళ్ళకు ఉన్న మోజు అంతకన్నా పెద్ద కారణమని నా అనుమానం. ఒకే మాట అడిగిన ఉత్తరాలను కలిపి, అయిదు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి హామిల్టన్ దగ్గర వృద్ధుల సంరక్షణ గృహంలో నర్సుగా పనిచేస్తోంది. ఆమెకు ఉన్నది భారత పాస్‌పోర్టే. మే నెలలో ఆమె పేరున పోల్ కార్డు వస్తే ఫొటో తీసి పంపింది, ఆ తరువాత వెళ్ళి ఓటు కూడా వేసింది. దీనివల్ల ఇక్కడి పౌరసత్వానికి ముప్పు రాదు కదా? ఇంతకీ అక్కడ ఏం తేలింది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

మాస్టారూ, మీరు దిగులు పడవలసిన పని లేదు. మరో దేశపు పౌరసత్వాన్ని కోరి పుచ్చుకుంటే భారత పౌరసత్వం పోతుంది గాని, అక్కడ ఓటు వేసినంత మాత్రాన పోదు. భారతదేశం కామన్వెల్త్ సభ్య దేశం కాబట్టి, చెల్లుబాటయ్యే వీసాతో బ్రిటన్‌లో నివసిస్తున్న భారత పౌరులకు అక్కడి ఎన్నికల్లో ఓటు హక్కు ఎప్పటి నుంచో ఉంది. స్కాట్లాండు వాళ్ళు మరో అడుగు ముందుకు వేసి, తమ పార్లమెంటు ఎన్నికల వరకు, కామన్వెల్త్‌తో సంబంధం లేని విదేశీయులకు కూడా, నివాస అనుమతి ఉంటే చాలునని 2020లో చట్టం చేసుకున్నారు. పదహారేళ్ళు నిండిన వాళ్ళకు సైతం అక్కడ ఓటు ఉంది. అయితే ఆ కార్డు దానంతట అది ఇంటికి రాదు. ఎవరికి వారు పేరు నమోదు చేసుకోవాలి. మీ అమ్మాయి ఆ పని ముందే చేసి ఉంటుంది, మీరు కంగారు పడతారని చెప్పి ఉండదు.

ఆమె ఓటు వేసిన నియోజకవర్గం పూర్తి పేరు హామిల్టన్, లార్క్‌హాల్ అండ్ స్టోన్‌హౌస్. అక్కడి సభ్యురాలు, స్కాటిష్ నేషనల్ పార్టీకి చెందిన క్రిస్టినా మెకెల్వీ 2025 మార్చిలో మరణించడంతో ఉప ఎన్నిక వచ్చింది. ఎస్‌ఎన్‌పీ అని పిలిచే ఆ పార్టీయే అక్కడ అధికారంలో ఉంది. పోటీ తమకూ రిఫార్మ్ యూకే పార్టీకీ మధ్యనేనని ఫస్ట్ మినిస్టర్ జాన్ స్విన్నీ, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి, ప్రచారమంతా చెబుతూ వచ్చారు. అర్ధరాత్రి దాటాక పెట్టెల్లోంచి మూడో పార్టీ గెలుపు బయటపడింది. లేబర్ అభ్యర్థి డేవీ రసెల్‌కు 8,559 ఓట్లు, ఎస్‌ఎన్‌పీ అభ్యర్థి కేటీ లౌడన్‌కు 7,957 ఓట్లు, రిఫార్మ్ అభ్యర్థి రాస్ లాంబీకి 7,088 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 602.

ఇంతవరకు పత్రికలన్నీ రాశాయి. నాకు ఆసక్తి కలిగించింది వేరే లెక్క. 2021 సాధారణ ఎన్నికలో ఇదే స్థానంలో లేబర్ పార్టీకి 12,179 ఓట్లు వచ్చాయి, అప్పుడు 4,582 ఓట్ల తేడాతో ఓడిపోయింది. అంటే ఆ పార్టీ ఓడిన ఏట తెచ్చుకున్న ఓట్ల కన్నా గెలిచిన ఏట తెచ్చుకున్నవి 3,620 తక్కువ. ఓట్ల శాతం కూడా 33.6 నుంచి 31.6కు దిగింది. లేబర్ ఎక్కి గెలవలేదు. ఎస్‌ఎన్‌పీ 16,761 నుంచి సగానికి పైగా పోగొట్టుకుని దిగిపోవడంతో, ఉన్నచోట ఇంచుమించుగా నిలబడిన పార్టీ పైన కనిపించింది. ఉప ఎన్నిక కావడం వల్ల పోలింగు కూడా 44.2 శాతమే. ఏడాది తిరగకుండానే 2026 మేలో సాధారణ ఎన్నిక ఉండగా, ఈ అంకెలను చూసి స్కాట్లాండు అంతా లేబర్ వైపు మళ్ళిందని రాసినవాళ్ళు తొందరపడ్డారనే నా అభిప్రాయం.

ప్రశ్న: ఆ ఎన్నికలో పదిమంది నిలబడ్డారని రాశారు. డిపాజిట్లు ఎందరికి దక్కాయి?
— కిరాణా వ్యాపారి, గుణుపురం

నలుగురికి దక్కాయి, ఆరుగురికి గల్లంతయ్యాయి. అక్కడ ధరావతు 500 పౌండ్లు. పోలై చెల్లిన ఓట్లలో 5 శాతం తెచ్చుకుంటే అది తిరిగి ఇస్తారు. హామిల్టన్‌లో పదిమందికి కలిపి 27,109 ఓట్లు వచ్చాయి కాబట్టి గీత 1,356 దగ్గర పడుతుంది. కన్సర్వేటివ్ అభ్యర్థి 1,621 ఓట్లతో ఆ గీతను దాటి బయటపడ్డారు. గ్రీన్ పార్టీకి 695, లిబరల్ డెమోక్రాట్లకు 533 మాత్రమే వచ్చాయి. అట్టడుగున ఉన్న అభ్యర్థికి వచ్చినవి సరిగ్గా 50.

మన నిబంధన దీనికన్నా కఠినం. ఇక్కడ చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. ఆ కొలతతో చూస్తే హామిల్టన్‌లో గీత 4,518కి చేరుతుంది, మొదటి ముగ్గురు తప్ప కన్సర్వేటివ్ కూడా మునిగిపోయేవాడు. కాకపోతే కట్టవలసిన సొమ్ము మన దగ్గర తక్కువ. శాసనసభకు పదివేల రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. మీ గుణుపురం ఎస్టీ రిజర్వుడు స్థానం కనుక అక్కడ నిలబడే ప్రతివారూ కట్టేది అయిదు వేలే.

ప్రశ్న: 2021లో గ్లాస్గోలో ఓడిపోయిన లేబర్ నాయకుడు అనాస్ సర్వర్ మరి అదే పార్లమెంటులో ప్రతిరోజూ మాట్లాడుతున్నాడు. ఓడినవాడు సభ్యుడు ఎలా అయ్యాడు? పోటీ పరీక్షలకు చదువుతున్నాను, ఈ పద్ధతిని లెక్కతో సహా వివరించండి.
— విద్యార్థిని, బరంపురం

అమ్మా, ఈ విడత వచ్చిన ప్రశ్నల్లో గట్టిది నీదే. కొంచెం ఓపికగా చదువు.

స్కాట్లాండు పార్లమెంటు 1999లో మొదలయింది. అది లండన్ పార్లమెంటు కాదు. వైద్యం, చదువు, పోలీసు వంటి వ్యవహారాలు చూసే సభ, అందులోని సభ్యుణ్ణి మన ఎమ్మెల్యేతో పోల్చవచ్చు. మొత్తం స్థానాలు 129. వాటిలో 73 నియోజకవర్గాలు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలుస్తాడు, ఇందులో మనకు కొత్తేమీ లేదు. తక్కిన 56 స్థానాలను ఎనిమిది ప్రాంతాలకు ఏడేసి చొప్పున పంచారు. సాధారణ ఎన్నిక రోజున ఓటరుకు రెండు కాగితాలు ఇస్తారు. 2021లో నియోజకవర్గం కాగితం లేత ఊదారంగులో, ప్రాంతం కాగితం పీచు పండు రంగులో ఉన్నాయి. మొదటిదాని మీద అభ్యర్థుల పేర్లు, రెండో దాని మీద ముఖ్యంగా పార్టీల పేర్లు ఉంటాయి. ఒక్కో దాని మీద పెన్సిలుతో ఒక్క ఇంటూ గుర్తు పెట్టాలి. 2024 మే 13న బరంపురంలో లోక్‌సభకు ఒక యంత్రం మీద, శాసనసభకు మరో యంత్రం మీద మనం మీట నొక్కాం కదా, చూడడానికి అలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే మన రెండు ఓట్లు రెండు సభలకు పోయాయి, వాళ్ళ రెండు ఓట్లూ ఒకే సభలోకి పోతాయి, పైగా రెండోది మొదటిదాని వంకర సరిచేయడానికే ఉంది.

ఆ వంకర ఎంతో గ్లాస్గోలో చూడవచ్చు. 2021లో అక్కడి తొమ్మిది నియోజకవర్గాలనూ ఎస్‌ఎన్‌పీయే ఊడ్చుకుపోయింది. గ్లాస్గో సౌత్‌సైడ్‌లో అప్పటి ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్‌కు 19,735 ఓట్లు, ఆమె మీద నిలబడిన అనాస్ సర్వర్‌కు 10,279 ఓట్లు వచ్చాయి. తేడా 9,456, ఆ ఓటమిలో సందేహానికి చోటు లేదు. ఇక రెండో కాగితం లెక్క చూద్దాం. గ్లాస్గో ప్రాంతం మొత్తం మీద ఎస్‌ఎన్‌పీకి 1,33,917, లేబర్‌కు 74,088, కన్సర్వేటివ్‌లకు 37,027, గ్రీన్‌లకు 36,114 ఓట్లు పడ్డాయి.

సూత్రం ఒక్క వాక్యమే. పార్టీ ఓట్లను, ఆ పార్టీకి అప్పటికే వచ్చిన స్థానాలకు ఒకటి కలిపి, ఆ సంఖ్యతో భాగించాలి. ఎవరి భాగఫలం పెద్దదైతే ఆ స్థానం వారిది. గెలిచిన పార్టీ భాజకం ఒకటి పెంచి మళ్ళీ లెక్క మొదలు. ఎస్‌ఎన్‌పీ చేతిలో తొమ్మిది స్థానాలు ఉన్నాయి కనుక దాని లక్షా ముప్పై మూడు వేల పైచిలుకు ఓట్లను పదితో భాగించాలి: 13,391. లేబర్‌కు ఒక్కటీ లేదు కనుక దాని 74,088 అలాగే ఉంటుంది, మొదటి స్థానం దానిదే. ఇప్పుడు లేబర్‌ను రెండుతో భాగిస్తే 37,044. కన్సర్వేటివ్‌ల 37,027 కన్నా ఇది పదిహేడు ఎక్కువ. రెండో స్థానమూ లేబర్‌కే పోయింది. మూడోది కన్సర్వేటివ్‌లకు, నాలుగోది గ్రీన్‌లకు. అయిదోది 24,696తో, ఆరోది 18,522తో మళ్ళీ లేబర్‌కు. ఏడో స్థానం దగ్గర కన్సర్వేటివ్‌ల సగం 18,513, గ్రీన్‌ల సగం 18,057. అక్కడ గ్రీన్ పార్టీ రెండో సభ్యుణ్ణి పోగొట్టుకుంది. మరో 914 ఓట్లు ఉంటే దక్కేవాడు. ‘గ్రీన్’ అన్న మాటను తన పేరులో పెట్టుకున్న వేరొక చిన్న పార్టీకి అదే కాగితం మీద రెండు వేలకు పైగా ఓట్లు పడ్డాయని తెలిస్తే, ఒకే పేరున్న స్వతంత్రులను బరిలోకి దింపే తంతు చూసిన మనవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు.

లెక్క తేలింది: ఏడింటిలో లేబర్‌కు నాలుగు, కన్సర్వేటివ్‌లకు రెండు, గ్రీన్‌లకు ఒకటి, ఎస్‌ఎన్‌పీకి సున్నా. ప్రాంతం స్థానాల కోసం ప్రతి పార్టీ ముందే వరుసగా పేర్లు రాసి ఒక జాబితా ఇస్తుంది. లేబర్ జాబితాలో మొదటి పేరు అనాస్ సర్వర్‌ది. నియోజకవర్గంలో ఓడిన మనిషి ప్రాంతం తలుపు గుండా సభలోకి వచ్చాడు. ఇది దొడ్డిదారి కాదు, చట్టం కట్టిన రెండో వాకిలి. నియోజకవర్గంలో గెలిచి ఉంటే జాబితాలోంచి ఆయన పేరు కొట్టేసి కింది పేరుకు అవకాశం ఇచ్చేవారు.

ఒకే మనిషి రెండుచోట్ల నిలబడడం బరంపురానికి తెలియని సంగతి కాదు. 1996లో పి.వి. నరసింహారావు నంద్యాలలోనూ మన బరంపురంలోనూ పోటీచేసి, రెండింటా గెలిచి బరంపురాన్ని ఉంచుకున్నారు. నంద్యాలలో ఉప ఎన్నిక జరపవలసి వచ్చింది. స్కాట్లాండు పద్ధతిలో ఆ ఖర్చు ఉండదు. ఇంకో వింత చెబుతాను. పైన చెప్పిన హామిల్టన్ స్థానంలో 2021లో మొదటి మూడు చోట్ల నిలిచిన ముగ్గురూ పార్లమెంటుకు వెళ్ళారు. మెకెల్వీ నియోజకవర్గంలో గెలిచి, లేబర్‌కు చెందిన మోనికా లెనన్, కన్సర్వేటివ్ మేగన్ గాలహర్ సెంట్రల్ స్కాట్లాండు జాబితా మీద. కాబట్టి అక్కడి ఫలితాల పట్టికలో ‘ఓటమి’ అన్న గడిని చూసి ఆగిపోతే సగం కథే తెలుస్తుంది. స్కాట్లాండు అంతటి లెక్క కావాలంటే, 2021లో ఎస్‌ఎన్‌పీ 64 స్థానాల్లో 62 నియోజకవర్గాలవే. కన్సర్వేటివ్‌ల 31లో 26 జాబితావి. గ్రీన్‌ల ఎనిమిదీ జాబితావే.

ఈ పద్ధతి నాకు నచ్చుతుందా అంటే, ముప్పాతిక భాగం నచ్చుతుంది. గ్లాస్గోలో ఎస్‌ఎన్‌పీకి ఓటు వేయని లక్షన్నర మందికి పైగా జనానికి జాబితా లేకుంటే ఒక్క గొంతూ మిగిలేది కాదు. నచ్చని పావు భాగం గురించి చివరి జవాబులో రాశాను.

ప్రశ్న: ఒకేసారి రెండు ఓట్లు వేయమంటే చదువురాని వాళ్ళు గందరగోళపడరా? కొటియా గ్రామాల్లో రెండు రాష్ట్రాల ఓట్లతో వచ్చిన తంటా చూస్తున్నాం కదా.
— ప్రభుత్వోద్యోగి, కోరాపుట్

కొటియా సంగతి వేరు. అక్కడ ఒడిశా కార్డు, ఆంధ్ర కార్డు రెండూ ఉన్నవాళ్ళ చిక్కు సరిహద్దుది, ఓటింగు పద్ధతిది కాదు. గందరగోళం మాట మాత్రం నిజం, చదువుకున్న వాళ్ళనూ అది వదలలేదు. 2007లో స్కాట్లాండు అధికారులు రెండు ఓట్లనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రెండు వరుసల్లో అచ్చువేశారు. అదే రోజున స్థానిక సంస్థల ఎన్నిక కూడా పెట్టారు. అందులో ఇంటూ గుర్తు కాక 1, 2, 3 అని అంకెలు వేయాలి. ‘మీకు రెండు ఓట్లు’ అన్న మాట చూసి ఎందరో ఒకే వరుసలో రెండు గుర్తులు పెట్టేశారు. పార్లమెంటుకు వేసిన ఆ రెండు ఓట్లలోనూ కలిపి సుమారు 1,46,000 చెల్లకుండా పోయాయి.

కాగితాల రోజుల్లో నేను లెక్కింపు ఏజెంటుగా కూర్చున్న వాణ్ణి. యాభైల కట్టలు కడుతుంటే పక్కన చెల్లని ఓట్ల దొంతర పెరుగుతూ ఉంటుంది. రెండు గుర్తుల మధ్య గీత మీద పడ్డ ముద్రను ఇటు వాళ్ళు మాదంటారు, అటు వాళ్ళు మాదంటారు, చివరికి రిటర్నింగ్ అధికారి దాన్ని దొంతరలోకి విసురుతాడు. ఆ దొంతర పక్కన గెలుపు తేడా చిన్నదైతే గుండె ఆగినంత పని అవుతుంది. 2007లో కనింగ్‌హామ్ నార్త్ స్థానాన్ని ఎస్‌ఎన్‌పీ 48 ఓట్లతో లేబర్ చేతిలోంచి లాక్కుంది. మొత్తం మీద ఎస్‌ఎన్‌పీకి 47, లేబర్‌కు 46 వచ్చాయి. ఆ 48 ఓట్లే ప్రభుత్వాన్ని మార్చాయని చెప్పేవాళ్ళు ఉన్నారు. కానీ నియోజకవర్గం చేజారితే జాబితాలో మరొకటి దక్కే వీలున్న చోట అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం. ఆ తరువాత కాగితాలను విడదీశారు, స్థానిక ఎన్నికలను వేరే ఏటికి జరిపారు.

ప్రశ్న: అక్కడ టికెట్టు దక్కని వాళ్ళు రెబల్‌గా నిలబడతారా? గెలిచిన దాఖలాలు ఉన్నాయా?
— న్యాయవాది, రాయగడ

ఉన్నాయి, మొట్టమొదటి ఎన్నికలోనే. లండన్ పార్లమెంటులో పాతికేళ్ళుగా లేబర్ సభ్యుడిగా ఉన్న డెనిస్ కానవన్‌ను 1999లో ఆయన పార్టీ ఎంపిక సంఘం అభ్యర్థిగా పనికిరాడంది. ఆయన ఫాల్కర్క్ వెస్ట్‌లో స్వతంత్రుడిగా నిలబడి, పోలైన ఓట్లలో సగానికి పైగా తెచ్చుకుని, సొంత పార్టీ అభ్యర్థిని చిత్తు చేశారు. 2003లో జీన్ టర్నర్ అనే వైద్యురాలు స్టాబ్‌హిల్ ఆసుపత్రి స్థాయిని తగ్గించవద్దన్న ఒక్క మాట మీద పోటీచేసి, స్ట్రాత్‌కెల్విన్ అండ్ బేర్స్‌డెన్‌లో 438 ఓట్ల తేడాతో గెలిచారు. ఇలాంటి గెలుపు నియోజకవర్గం కాగితం మీద సులువు, ఎందుకంటే అక్కడ పేరు చూసి వేస్తారు.

జాబితా కాగితం మీద పార్టీని చూసి వేస్తారు. పార్టీ ఎవరి పేరు ఎన్నో చోట రాస్తే వారి నుదుటి రాత అంతే. నాకు నచ్చని పావు భాగం ఇదే. ఓటరు ఆ వరుసను మార్చలేడు. మార్గో మెక్‌డొనాల్డ్ అనే ఎస్‌ఎన్‌పీ నాయకురాలిని 2003కి ముందు ఆమె పార్టీ లోథియన్స్ జాబితాలో అయిదో చోటికి నెట్టింది. అక్కడి నుంచి గెలుపు అసాధ్యమని తెలిసిన ఆవిడ పార్టీకి దూరమై, అదే ప్రాంతం కాగితం మీద తన ఒక్క పేరుతో నిలబడ్డారు. 2003, 2007, 2011 ఎన్నికల్లో వరసగా గెలిచారు.

న్యాయవాది గనుక మీకు ఈ చివరి సంగతి నచ్చవచ్చు. నియోజకవర్గం సభ్యుడు పోతే ఉప ఎన్నిక పెడతారు. జాబితా సభ్యుడు పోతే అదే పార్టీ జాబితాలోని తరువాతి పేరును పిలుస్తారు. మార్గో మెక్‌డొనాల్డ్ 2014 ఏప్రిల్‌లో మరణించినప్పుడు ఆమె పేరు కింద పిలవడానికి మరో పేరు లేదు. ఉప ఎన్నికకు చట్టంలో చోటు లేదు. 2016 మే ఎన్నిక వరకు ఆ స్థానం ఖాళీగానే ఉండిపోయింది.